దుకాణం ముందు బోర్డు

పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకి చాయ్ చేతికిచ్చి కూర్చోబెట్టాక, లోపలి గదిలోంచి ఏడుపు వినిపిస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. గట్టి ఏడుపు కూడా కాదు. ఎవరికీ వినపడకూడదని ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చే ఏడుపు.

నా పుట్టిల్లు యాదగిరిగుట్ట. గుట్ట కింద మా నాన్న పెట్టిన కొబ్బరికాయల దుకాణాన్ని ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. ఆ రోజు స్వామి దర్శనం చేసుకుని దిగి వచ్చి, ఇలా కూర్చున్నానో లేదో ఈ ఏడుపు. మరదలి వంక చూశాను.

"ఏం లేదు వదినా, రేపు దానికి పరీక్ష" అంది మెల్లగా.

లోపలికి వెళ్ళాను. మా మేనకోడలు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెర నిండా అక్షరాలు చీమల బారుల్లా ఉన్నాయి.

"ఏమైందే?"

"పొద్దుగాల నుంచి తిడ్తనే ఉంది అత్తమ్మా. పదిహేడు తప్పులంట. ఒకటి సరిచేస్తే ఇంకొన్ని కొత్తవి వస్తున్నయ్. నాతోని కాదు. నాకు రాదిది."

"ఎవరే నిన్ను తిట్టేది?"

"కంపైలర్."

చూశారూ, నేను బి.ఏ. చదివిన దాన్ని. చరిత్ర, రాజనీతి శాస్త్రం, తెలుగు సాహిత్యం నా సబ్జెక్టులు. కంప్యూటర్ అంటే నాకు కాగితం అక్కర్లేని టైపు మిషన్. నవలలు కొట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే. ఆ పిల్లకి నేను సాయం చేసేదేముంది? "పోనీలే, కాస్త అన్నం తిని కూర్చో" అని చెప్పి బయటికి వచ్చేసేదాన్నే. కానీ "నాతోని కాదు" అన్న ఆ మాట నన్ను ఆపేసింది. అదే ఇంట్లో, అదే గొంతుతో, పాతికేళ్ళ క్రితం ఆ మాట విన్నాను. అన్నది ఈ పిల్ల తండ్రి.

అప్పటి రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ ఏడాదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. తెలుగువాళ్ళ ఇళ్ళలో 'మా వాడు డాక్టరు' అన్న మాట కాస్త వెనక్కి తగ్గి, 'మా వాడు సాఫ్ట్‌వేర్' అన్న మాట ముందుకొచ్చింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపిస్తే చాలు, జావా నేర్పుతాం, ఒరాకిల్ నేర్పుతాం అని కాగితాలు. ఒక్కో గదిలో నలుగురైదుగురు కుర్రాళ్ళు. కర్రీ పాయింట్ కూర, గదిలో వండుకున్న అన్నం, జిరాక్సు నోట్సు. కరీంనగర్ నుంచి వచ్చినవాడూ, కడప నుంచి వచ్చినవాడూ ఒకే చాప మీద పడుకునేవాళ్ళు.

2000లో మా తమ్ముడు కూడా భువనగిరిలో బీఎస్సీ పూర్తిచేసి ఆ చాప మీదికే వెళ్ళాడు. ఎనిమిది నెలల తర్వాత సామాను సర్దుకుని వచ్చేశాడు. అప్పటికే అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు కూలుతున్నాయి, ఉద్యోగాలు తగ్గుతున్నాయి. ఊళ్ళో అందరం అదే కారణం అనుకున్నాం. వాడు మాత్రం "నాతోని కాదక్కా" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాన్న పక్కన కూర్చుని కొబ్బరికాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఇంతకీ ఈ కంపైలర్ ఎవరు? మా ఇంట్లో రెండు తరాలని ఏడిపించిన ఆ మహానుభావుడి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. చరిత్ర చదివిన బుద్ధి కదా, ఎక్కడికి పోతుంది?

తీరా చూస్తే ఆ మహానుభావుణ్ణి పుట్టించింది ఒక ఆడమనిషి! గ్రేస్ హాపర్ అని అమెరికాలో గణితం చదివి, యుద్ధకాలంలో నౌకాదళంలో చేరిన మనిషి. ఆ రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే దానికి అర్థమయ్యే అంకెల్లోనే రాయాలి. ఒక్క అంకె తప్పితే లెక్కంతా తప్పు. మనిషి తనకి అనువుగా రాసుకుంటే, దాన్ని యంత్రం భాషలోకి యంత్రమే ఎందుకు మార్చుకోకూడదూ అనుకుంది ఆవిడ. 1952లో ఏ-జీరో అనే కంపైలర్ తయారుచేసింది. కంప్యూటర్లు లెక్కలు చేస్తాయే గానీ ఇలాంటి పనులు చేయవని చెప్పి చాలాకాలం ఎవరూ నమ్మలేదట. 1957లో ఐబీఎం కంపెనీలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషని, దాని కంపైలర్‌ని బయటికి తెచ్చాక లోకం నమ్మింది. అన్నట్టు ఈ విద్యలో మన హైదరాబాద్ మరీ వెనకబడి లేదు. 1967లో ఇక్కడ ఏర్పడిన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపకల్పన చేసిన టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారుచేసింది. సైబర్ టవర్స్‌కి చాలా ఏళ్ళ ముందు మాట ఇది.

అంటే కంపైలర్ పని రెండు రకాలు. ఒకటి అనువాదం. రెండోది, అనువదించే ముందు మనం రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటం. నా నవల అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫులు దిద్దే ఆయన, ఆ తర్వాత ఎడిటరుగారు చూడరూ? అలాగన్నమాట. ఈ పోలిక ఎంత సరైనదో నాకు ఆ రాత్రి గానీ తెలియలేదు. అది తర్వాత చెబుతాను.

ఇక జావా. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో జేమ్స్ గోస్లింగ్, ఆయన జట్టు ఇళ్ళలో వాడే ఎలక్ట్రానిక్ సామాన్ల కోసం ఒక భాష తయారుచేయబోయారు. ఆయన ఆఫీసు కిటికీ అవతల ఓక్ చెట్టుండేది. భాషకి కూడా ఓక్ అనే పేరే పెట్టారు. ఆ పేరు అప్పటికే వేరేవాళ్ళదని తేలడంతో జావా అని మార్చి, 1995 మే నెలలో ప్రకటించారు. ఏ కంప్యూటర్ మీద రాసినా ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుందన్నది దాని గొప్ప. అందుకే అమీర్‌పేట గోడల నిండా దాని పేరే.

మా మేనకోడలి పాఠం ఆ జావాలో 'ఇంటర్‌ఫేస్' అనే అధ్యాయం. నాకు అర్థమయ్యేలా చెప్పవే అంటే, పుస్తకంలో ఉన్నది గడగడా చదివింది. ఇద్దరికీ అర్థం కాలేదు. అప్పుడు కిటికీలోంచి మా దుకాణం బోర్డు కనిపించింది: 'ఇచ్చట కొబ్బరికాయలు, పూలు, అగరొత్తులు లభించును.'

"ఇదేనా ఏమిటి నీ ఇంటర్‌ఫేసు?" అన్నాను. పిల్ల ఒక్క క్షణం ఆగి, కళ్ళు తుడుచుకుంది.

అదే! బోర్డు మీద ఏం దొరుకుతుందో ఉంటుంది గానీ, ఎక్కణ్ణుంచి తెస్తారో, ఎలా కట్టి ఇస్తారో ఉండదు. అందుకే ఇంటర్‌ఫేస్‌లో పనుల పేర్లే గానీ పని చేసే విధానం రాయకూడదు. బోర్డు కట్టిన ప్రతి దుకాణమూ ఆ మూడూ ఉంచి తీరాలి. అగరొత్తులు లేకుండా బోర్డు కడితే కంపైలర్ ఒప్పుకోదు. "ఫలానా క్లాసు ఆబ్‌స్ట్రాక్ట్ కాదు, కానీ ఫలానా ఆబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయలేదు" అంటుంది. తెలుగులో చెప్పాలంటే, 'దుకాణం పూర్తిగా తెరిచానంటున్నావు, బోర్డు మీదున్న సరుకు లోపల లేదేం?' అని. లేకపోతే 'ఇంకా పూర్తి కాలేదు' అని ఒప్పుకుని, ఆబ్‌స్ట్రాక్ట్ అనే మాట ముందు రాసుకోవాలి. అప్పుడు ఊరుకుంటుంది.

బోర్డు వీధిలోకి ఉంటుంది, అందరి కోసం. కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో చెప్పిన పనులు మనం రాయకపోయినా 'పబ్లిక్' కిందే లెక్క. లోపల క్లాసులో ఆ పని రాసేటప్పుడు పబ్లిక్ అనే మాట మర్చిపోయామా, 'వీకర్ యాక్సెస్' అని ఎర్రర్. బయట అందరికీ అని రాసి, లోపల మా చుట్టాలకి మాత్రమే ఇస్తామంటే కుదరదు కదా! బోర్డు మీద రంగుతో రాసిన ధర ఇంకొకరు మార్చడానికి వీల్లేదు. ఇంటర్‌ఫేస్‌లో రాసిన విలువ కూడా అంతే. రాసేటప్పుడే ఇంత అని చెప్పాలి, చెప్పాక మార్చకూడదు. ఇక ఎంత ఆకలేసినా బోర్డుని కొట్టుకుని తినలేం. కొబ్బరికాయ దుకాణంలోంచి రావాలి. నేరుగా ఇంటర్‌ఫేస్‌తో వస్తువుని సృష్టించబోతే 'ఆబ్‌స్ట్రాక్ట్, కెనాట్ బీ ఇన్‌స్టాన్షియేటెడ్' అనేది అందుకే.

ఇంకొక రూలు ఉంది. జావాలో ఒక క్లాసు ఇంకొక్క క్లాసు నుంచే వారసత్వం పొందగలదు. అంతకుముందున్న సీ ప్లస్ ప్లస్ భాషలో ఎంతమంది నుంచైనా పొందవచ్చు. దాంతో ఒకే పేరున్న పని ఇద్దరు పెద్దల దగ్గరా ఉంటే, ఎవరిది పాటించాలో తెలియని చిక్కు. జావా వాళ్ళు ఆ చిక్కు వద్దనుకున్నారు. ఆబ్జెక్టివ్-సీ అనే భాషలో 'ప్రోటోకాల్' అనే ఏర్పాటు చూసి, ఇంటర్‌ఫేస్ పెట్టుకున్నారు. తండ్రి ఒక్కడే, బోర్డులు మాత్రం ఎన్నైనా! మా నాన్న దుకాణానికి కొన్నాళ్ళు కొబ్బరికాయల బోర్డు పక్కనే ఎస్టీడీ బూత్ బోర్డు కూడా ఉండేది. ఇది విని మా మేనకోడలు, "అయితే అత్తమ్మా, గుట్ట మీద స్వామి మనిషీ, సింహమూ రెండూ కదా. జావాలో ఆయన రెండు క్లాసుల వారసుడు కాలేడు. రెండు ఇంటర్‌ఫేసులు తీసుకోవాలి" అంది. ఏడుపు తగ్గిందని అప్పుడు తెలిసింది నాకు.

అప్పుడే గుమ్మం దగ్గర అలికిడి. మా తమ్ముడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఏమో, మాట్లాడకుండా అటక మీంచి ఒక రేకు పెట్టె దింపాడు. అందులో అట్ట ఊడిపోయిన నోటు పుస్తకం. పాతికేళ్ళుగా ఆ పుస్తకం ఇంట్లోనే ఉందని నాకే తెలియదు. వేలు పెట్టి ఒక చోట చూపించాడు. 'ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కు బాడీ ఉండరాదు' అని కింద రెండు గీతలు గీసి ఉంది.

"ఇప్పుడు ఉండొచ్చు నానా, డిఫాల్ట్ అని రాస్తే" అంది కూతురు.

వాడు ఆశ్చర్యపోయాడు. "ఎప్పటి నుంచి?"

చూశారూ, రూలుకీ చరిత్ర ఉంటుంది. అది 2014 మార్చి నుంచి. జావా 8 వచ్చినప్పటి నుంచి. దాని వెనక కథ మా బోర్డు భాషలోనే చెబుతాను. గుట్ట కింద వంద దుకాణాలు ఒకే బోర్డు కట్టుకున్నాయనుకోండి. ఒక రోజు బోర్డు రాసే పెద్దలు దాని మీద 'కర్పూరం కూడా లభించును' అని చేర్చారు. అంతే, ఒక్క పూటలో వంద దుకాణాలూ మాట తప్పినవైపోతాయి! జావాలో నిజంగానే ఇలా జరిగింది. డేటాబేసులతో మాట్లాడటానికి 'కనెక్షన్' అనే ఇంటర్‌ఫేస్ ఉంది. 2006 డిసెంబరులో వచ్చిన జావా 6లో దానికి కొత్త పనులు చేర్చారు. అంతకుముందు తయారై ఉన్న ప్రోగ్రాములు నడిచాయి గానీ, వాటి మూలాన్ని కొత్త జావాతో కంపైల్ చేయబోతే ఎర్రర్లు. రాసినవాళ్ళు ఏ తప్పూ చేయలేదు. వాళ్ళు కట్టిన బోర్డు వెనకాల మారింది.

అందుకే 2014లో 'డిఫాల్ట్' పద్ధతి పెట్టారు. కొత్త సరుకు చేర్చినప్పుడు, లేనివాళ్ళ తరఫున ఉమ్మడి గోదాము నుంచి పంపిస్తామని బోర్డే చెబుతుంది. సొంతంగా పెట్టుకునేవాడు పెట్టుకోవచ్చు. అయితే రెండు బోర్డులు కట్టినవాడికి రెండు గోదాముల నుంచీ ఒకే పేరుతో సరుకు వస్తే? అప్పుడు కంపైలర్ తనకి తోచింది ఎంచుకోదు. 'నువ్వే తేల్చు' అని దుకాణదారుణ్ణి అడుగుతుంది. 2017లో వచ్చిన జావా 9లో ఇంటర్‌ఫేస్ లోపల తన కోసమే దాచుకునే ప్రైవేట్ పనులు కూడా రాసుకోనిచ్చారు. మా తమ్ముడు రెండు గీతలు గీసుకున్న రూలు ఇప్పుడు సగమే నిజం.

సరే, పదిహేడు తప్పుల సంగతి? తమ్ముడు తెర ముందు కూర్చున్నాడు. కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"మొదటిది ఒక్కటే చూడు బిడ్డా. మిగతాయన్నీ దాని పిల్లలే" అన్నాడు.

మొదటి ఎర్రర్ చూపించిన గీత మీద తప్పేమీ లేదు. వాడు దాని పై గీతకి వెళ్ళాడు. మీసాల్లా ఉండే బ్రాకెట్ ఒకటి అక్కడ ఎక్కువ పడింది. క్లాసు అక్కడే మూసుకుపోయింది. ఇంటికి గోడ ముందే కట్టేస్తే సామానంతా వీధిలో పడ్డట్టు, తర్వాతి గీతలన్నీ బయట పడ్డాయి. ఒక్కో గీతకీ కంపైలర్ 'ఇక్కడ క్లాసో ఇంటర్‌ఫేసో ఉండాలే, ఇదేమిటి?' అని అడుగుతూ వచ్చింది. బ్రాకెట్ తీసేశాడు. పదిహేడూ పోయాయి. కొత్తగా మూడు వచ్చాయి.

"చూసినవా, మళ్ళ వచ్చినయ్!" అని పిల్ల గొంతు మళ్ళీ వణికింది.

"ఇవి కొత్తవి కావు. ఇంతసేపూ ఉన్నయ్. ఇప్పుడు గానీ దాని కంట పడలే" అన్నాడు తమ్ముడు.

నేను తర్వాత చెబుతానన్నది ఇదే. కంపైలర్ ముందు వ్యాకరణం చూస్తుంది: బ్రాకెట్లు, సెమికోలన్లు, మాటల వరుస. అక్కడ తప్పుంటే ఇక ముందుకి వెళ్ళదు. అది బాగుంటేనే అర్థం చూస్తుంది: ఈ పేరు ఎవరిది, ఇచ్చిన మాట నిలబెట్టారా లేదా అని. ప్రూఫులు దిద్దే ఆయన దాటాకే కదా ఎడిటరుగారి బల్ల! రెండో బల్ల దగ్గర కొత్త తప్పులు కనిపించాయంటే మనం వెనక్కి పోయామని కాదు, మొదటి బల్ల దాటామని.

ఆ మూడూ మా బోర్డు లెక్కల్లోనే దొరికాయి. ఒక చోట పబ్లిక్ మర్చిపోయింది. ఒక చోట ఇంటర్‌ఫేస్‌లోని స్థిరమైన విలువని మార్చబోయింది. మూడోది చూసి నవ్వొచ్చింది. ఇంటర్‌ఫేస్‌లో 'ఏరియా' అన్న పేరు చిన్న అక్షరంతో ఉంది, ఒక క్లాసులో పెద్ద అక్షరంతో రాసింది. అందుకని 'ఓవర్‌రైడ్ చేయలేదు' అంది. మా ఊరిని కొందరు గుట్ట అంటారు, కొందరు యాదగిరిగుట్ట అంటారు, కొన్నేళ్ళు యాదాద్రి అని బోర్డులు రాశారు. ఎలా అడిగినా బస్సు కండక్టరు ఇక్కడే దింపుతాడు. కంపైలర్‌కి ఆ ఉదారత లేదు. ఒక్క అక్షరం మారితే వేరే ఊరే.

పిల్ల ఒక్కొక్కటీ తనే దిద్దింది. చివరికి తెర మీద ఏ సందేశమూ రాలేదు. ఏమీ రాకపోవడమే అంతా సరిగ్గా ఉన్నట్టట! మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. మా అత్తగారు గుర్తొచ్చారు.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు తమ్ముణ్ణి అడిగాను, "మొదటి ఎర్రర్ ఒక్కటే చూడాలని నీకెవరు చెప్పారురా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "రూమ్మేటు చెప్పిండక్కా. నేను సామాను కట్టుకుంటున్న రోజు. నా ముందు యాభై రెండు ఎర్రర్లున్నయ్. అన్ని తప్పులు చేసేటోనికి ఈ చదువెందుకు అనుకున్న. వాడొచ్చి ఒక్క సెమికోలన్ పెట్టిండు. అన్నీ పోయినయ్."

"మరి ఆగిపోలేకపోయావా?"

"అప్పటికే నాయినకు ఫోన్ చేసి చెప్పిన, వస్తున్నానని."

వాడు ఇంకేం చెప్పలేదు, నేను ఇంకేం అడగలేదు. మార్కెట్ పడిపోవడం నిజం. ఆ ఏడాది అక్కడే ఉన్నా ఉద్యోగం వచ్చేదో లేదో ఎవరు చెప్పగలరు? కానీ వాడు వచ్చేసింది అందుకు కాదు. కంపైలర్ వాడు రాసిన కాగితం గురించి చెప్పిన మాటని, తన గురించి చెప్పినట్టు తీసుకున్నాడు. మన ఊళ్ళ నుంచి, తెలుగు మీడియం నుంచి వెళ్ళిన పిల్లలు ఎంతమంది అలా తీసుకుని ఉంటారో. ఇంగ్లీషులో వరసగా యాభై రెండు తప్పులు చూపిస్తే, అవి ఒక్క తప్పుకి పుట్టినవని పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉండాలి. చెప్పేవాళ్ళు ఒక్కరోజు ముందొస్తే ఒకటి, ఒక్కరోజు ఆలస్యమైతే ఇంకొకటి.

మర్నాడు మేనకోడలు పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వెళ్ళింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. పరీక్ష అయిపోయిందని, ప్రోగ్రామ్ నడిచిందని చెప్పింది. దుకాణంలోకి వెళ్ళి ఆ మాటే తమ్ముడికి చెప్పాను. వాడు కొబ్బరికాయల బస్తా విప్పుతున్నాడు. మార్కులెన్ని వేశారని అడగలేదు.

"ముందు ఎన్ని ఎర్రర్లు వచ్చినయంట?" అన్నాడు.

"తొమ్మిదట."

"మొదటిదే చూసిందా?"

"చూసిందట."

తల ఊపి, మళ్ళీ కాయలు లెక్కపెట్టడంలో పడ్డాడు.